ఒక్క వరస అంటే ఏంటో ముందు తేల్చండి, స్క్రీన్ తర్వాత గీద్దురుగాని

[బోర్డు ముందు నిలబడి. వెనక ఏరేటర్ల చప్పుడు వినిపిస్తే వినిపించనివ్వండి, ఎడిటింగ్‌లో తీయకండి]

నమస్కారమండీ. ఈమధ్య భీమవరంలో ఎవరి ఆఫీసుకెళ్ళినా ఒకటే మాట. "ఏఐ వచ్చేసింది కదండీ, రొయ్యల చెరువుల లెక్కకి సాఫ్ట్‌వేర్ కావాలని తెలుగులో చెప్తే సాయంత్రానికల్లా చేసి చేతిలో పెట్టేద్ది. ఇంకా ఈ డేటా మోడలింగ్ అని, ఏ వివరం ఏ టేబుల్‌లో రాయాలో ముందే గీసుకునే గొడవెందుకు?" అని.

చేసి పెడుతుంది, కాదనను. స్క్రీన్లు ముచ్చటగా కూడా ఉంటాయి. లో-కోడ్ టూల్సూ అంతే, బటన్లు లాక్కొచ్చి పడేస్తే ఫారం రెడీ. నా గొడవ ఫారంతో కాదండి బాబూ, దాని అడుగున ఉన్న టేబుల్‌తో.

[బోర్డు మీద టేబుల్ గీస్తూ]

"చెరువుల లెక్క" అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది. చెరువు నంబరు, రైతు పేరు, ఫోను, ఎకరాలు, పిల్ల వేసిన తేదీ, ఎన్ని లక్షలు వేశారు, పట్టుబడి (అంటే పట్టిన రొయ్యలు) కిలోలు, కౌంటు, రేటు. బ్రహ్మాండంగా ఉంది. మొదటి పంటకి పని కూడా చేసేద్ది. నేనడిగేది ఒక్కటే. ఇందులో ఒక వరస అంటే ఏంటండీ? చెరువా? పంటా? పట్టుబడా?

"చెరువే కదండీ" అంటారు చాలామంది. సరే, చెరువే అనుకుందాం. పంటయింది, ఎండగట్టారు, మళ్ళీ పిల్ల వేశారు. ఆ తేదీ ఎక్కడ రాస్తారు? పాతదాని మీదే కొట్టేస్తే మొదటి పంట గోదాట్లో కలిసిపోయినట్టే. అలా ఎందుకని కొందరు పక్కన 'పిల్ల వేసిన తేదీ 2' అని ఇంకో కాలమ్ పెడతారు. ఆ '2' చూస్తే నాకు ఒళ్ళు మండిపోద్ది. మూడో పంటకి '3' పెడతారా? కాలమ్ పేరు చివర అంకె కనబడిందంటే, పెట్టాల్సిన టేబుల్ ఒకటి పెట్టలేదని అర్థం.

కాబట్టి చెరువు ఒక టేబుల్, పంట ఇంకో టేబుల్. చెరువుకి నంబరు, ఊరు, ఎకరాలు. పంటకి ఏ చెరువు, ఎప్పుడు వేశారు, ఎన్ని లక్షల పిల్ల. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా పట్టుబడి దగ్గర.

[బోర్డు తుడిచి అంకెలు వేస్తూ]

రెండెకరాల చెరువులో 2 లక్షల వనామీ రకం రొయ్య పిల్ల వేశాం అనుకోండి. పలచన చేద్దామని మధ్యలో ఒకసారి 800 కిలోలు పట్టాం, 60 కౌంటు. మిగతావాటిని పెరగనిచ్చి ఆఖర్న 3,200 కిలోలు, 35 కౌంటు. మొత్తం 4,000 కిలోలు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, మన ఏరియాలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. మరి ఈ పంటలో బతికినవి ఎన్ని?

పంటకి కౌంటు కాలమ్ ఒక్కటే ఉందనుకోండి, అందులో ఆఖరి పట్టుబడి కౌంటు 35 మిగిలి ఉంటుంది. 4,000 ఇంటూ 35, 1,40,000. సర్వైవల్, అంటే వేసినవాటిలో బతికినవి, 70 శాతం. కొంచెం తెలివైనవాడు 60, 35 కలిపి సగం చేస్తాడు, 47.5. దాంతో గుణిస్తే 1,90,000. 95 శాతం! ఆ రైతుని పిలిచి శాలువా కప్పాలి.

ఇప్పుడు విడివిడిగా వేద్దాం. 800 ఇంటూ 60, 48,000. 3,200 ఇంటూ 35, 1,12,000. కలిపితే 1,60,000. సర్వైవల్ 80 శాతం, సరాసరి కౌంటు 40. అదే చెరువు, అవే రొయ్యలు. టేబుల్ గీసిన తీరుని బట్టి ఒకచోట కాగితం మీద 20 వేల రొయ్యలు చచ్చిపోయాయి, ఇంకోచోట 30 వేలు కొత్తగా పుట్టుకొచ్చాయి. ఇందులో ఏఐని తిట్టడానికేం లేదు, గుణకారం దానికి మనకంటే బాగా వచ్చు. రెండు పట్టుబళ్ళు రాసుకోడానికి చోటే ఇవ్వకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?

అందుకే పట్టుబడికి వేరే టేబుల్. ఆగండి, ఇంకోటుంది. ఒకే రోజు పట్టినవాటిని సైజులవారీ వేరుచేసి రెండు కౌంట్లుగా తూకం వేశారా? అయితే మీ వరస పట్టుబడి కూడా కాదు, తూకం. ఈ సంగతి ఏ టూలూ తనంతట తాను కనిపెట్టలేదు. గట్టు మీద కాటా దగ్గర నిలబడ్డవాణ్ణి అడగాలి.

ఇదేం నేను కనిపెట్టిన విద్య కాదు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ మీద, అంటే డేటాని ఇలా టేబుళ్ళుగా రాసుకునే పద్ధతి మీద, పేపర్ వేసింది 1970లో. దేనికి దేనితో సంబంధమో గీసి చూపించే పీటర్ చెన్ ఎంటిటీ-రిలేషన్‌షిప్ బొమ్మలు 1976లో. మన దేశంలో వనామీ సాగుకి అనుమతి వచ్చింది 2009లో. దాని లెక్క రాసుకునే పద్ధతి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళుగా తయారుగా ఉంది.

టూల్స్ సంగతంటారా, వస్తాయి, పోతాయి. విజువల్ ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ టూల్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జనవరితో ఆపేసింది. కోడ్ పెద్దగా రాయకుండానే బిజినెస్ యాప్‌లు చేసుకోవచ్చని 2011లో లైట్‌స్విచ్ అని తెచ్చింది, 2016లో దానికీ మంగళం పాడేసింది. కానీ ఫాక్స్‌ప్రో రోజుల్లో టేబుల్ దాచిన డీబీఎఫ్ ఫైలు ఇవాళ లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా తెరుచుకుంటుంది. లోపల టేబుల్ సరిగ్గా ఉంటే ఆ డేటా ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. 'తేదీ 2', 'తేదీ 3' ఉంటే ఆ కంపు కూడా వెంటే వస్తుంది.

[టైము చూసుకుని]

అమ్మో, చాలాసేపైంది. మిగతావి గబగబా చెప్పేస్తాను.

రైతు పేరు చెరువు టేబుల్‌లో పెట్టకండి. చెరువు ఒకరిది, లీజుకి చేసేది ఇంకొకరు, వచ్చే ఏడాది లీజు మరొకరికి. సాగుచేసేవారు పంటకి, సొంతదారు చెరువుకి. ఫోను నంబర్ని రైతు ఐడీగా వాడకండి, తండ్రీకొడుకులు ఒకే నంబరు ఇస్తారు.

రేటు కౌంటుతో మారుద్ది, తేదీతోనూ మారుద్ది. కాబట్టి రేట్ల టేబుల్ వేరు. అయితే బిల్లు కొట్టిన రోజు రేటు మాత్రం బిల్లులోనే రాసి పెట్టేయాలి. జీఎస్టీ కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22న చాలా సరుకుల శ్లాబులు మారాయి. ఐటమ్ మాస్టర్‌లో, అంటే సరుకుల జాబితా టేబుల్‌లో, శాతం మార్చగానే ఆగస్టు బిల్లు కూడా కొత్త శాతంతో ప్రింటైతే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఏమనాలి?

జిల్లా పేరు ప్రతి రైతు పక్కనా టైపు చేయకండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం, రాజోలు తూర్పు గోదావరి నుంచి కోనసీమకి వెళ్ళిపోయాయి. ఊరు ఒక టేబుల్‌లో ఉంటే ఊరికి ఒక్కసారి మారిస్తే అయిపోయేది. లేనివాళ్ళకి 'ఈస్ట్ గోదావరి', 'ఇ.గో.', 'తూ.గో.' అని మూడు రకాల స్పెల్లింగులు వెతుక్కుంటూ కూర్చోవడమే పని.

మేత లెక్క ఇందులో కలపలేదు, కావాలనే. ఒకే బిల్లు మీద వచ్చిన మేత మూడు చెరువులకి పంచితే ఏ పంట ఖాతాలో ఎంత వేయాలన్నది ఇంతకంటే పెద్ద చిక్కు. అది వచ్చే వీడియోలో. ఉంటానండీ.