ఆకలి లేదని వచ్చిన అమ్మాయికి ముందు నాడి చూడాలి

నమస్కారం. గోదావరి డెల్టాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే వైద్యులు, నర్సుల కోసం చేసిన ఈ వీడియోలో ఈటింగ్ డిజార్డర్లను, అంటే తిండితో ముడిపడిన మానసిక రుగ్మతలను, ఎలా గుర్తించాలో, తొలి రోజుల వైద్యం ఎలా నడపాలో చూద్దాం.

అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి పదిహేడేళ్ల కూతురిని తీసుకువచ్చిందనుకుందాం. ఆ అమ్మాయి రాజమహేంద్రవరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. లావైపోతానని భయంగా ఉందని ఆమె అనదు. “రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందండి, ఉబ్బరంగా ఉంటోందండి” అంటుంది. బరువు భయాన్ని పైకి చెప్పని అనొరెక్సియా, అంటే తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే రుగ్మత, మన దేశంలో కనిపిస్తూనే ఉంది కనుక, గ్యాస్ మాత్ర రాసి పంపేస్తే జబ్బు మన చేతిలోంచే జారిపోతుంది. అలాగని క్షయ, థైరాయిడ్, మధుమేహం, పేగు జబ్బులు లేవని తేల్చుకోకుండా దీన్ని మనసు మీదికి నెట్టకూడదు. నెలసరి సక్రమంగా వస్తున్నా ఈ జబ్బు ఉండవచ్చు. నెలసరి ఆగిపోతేనే అనొరెక్సియా అన్న పాత నిబంధనను, మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 2013లో తొలగించింది.

తల్లిని కాసేపు బయట కూర్చోమని, అమ్మాయిని నెమ్మదిగా అడగాలి: తిన్నాక కావాలని వాంతి చేసుకుంటున్నావా, తినడం మొదలుపెడితే ఆపుకోలేకపోతున్నావా, విరేచనాల మాత్రలు వేసుకుంటున్నావా? కార్తీక మాసపు ఉపవాసం మన ఇళ్లలో మామూలే. అయితే ఉపవాసం విడిచే వేళకు కూడా ఆమె కంచం దగ్గరికి రావడం లేదా అన్నది తల్లిని అడగవలసిన ప్రశ్న.

ఇప్పుడు ఆమె చేతిని వెలుతురులోకి తీసుకోండి. గొంతులోకి వేళ్లు పెట్టినప్పుడు పళ్లు గీసుకుని కణుపుల మీద చర్మం గట్టిపడి మచ్చ కడుతుంది. 1979లో బులీమియాను, అంటే ఆపుకోలేక అతిగా తిని వాంతి వంటి వాటితో దాన్ని బయటికి పంపే రుగ్మతను, వర్ణించిన జెరాల్డ్ రస్సెల్ పేరుతో దీన్ని రస్సెల్ గుర్తు అంటారు. దవడల దగ్గర గవదబిళ్లల్లాంటి వాపు, పై పళ్ల లోపలి వైపు అరుగుదల కూడా చూడాలి. బులీమియాలో బరువు తరచుగా మామూలుగానే ఉంటుంది కనుక తూకాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు.

ఐదు నిమిషాలు పడుకోబెట్టి, నాడిని పూర్తి నిమిషం లెక్కించి, బీపీ చూసి, నిలబెట్టి మళ్లీ చూడాలి. పగలు మేలుకొని ఉండగా నాడి 50 కన్నా తక్కువగా ఉన్నా, పై బీపీ 90 కన్నా తక్కువగా ఉన్నా, ఈసీజీలో క్యూటీ వ్యవధి (గుండె ప్రతి స్పందన తరువాత విద్యుత్పరంగా తేరుకోవడానికి పట్టే సమయం) పెరిగినా, పొటాషియం పడిపోయినా ఆమెను ఇంటికి పంపకూడదు. ఐసీయూ, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్న పెద్దాసుపత్రికి పంపాలి. కోనసీమలో కొబ్బరి బొండాం ప్రతి పెరట్లోనూ దొరుకుతుంది, అందులో పొటాషియం ఉన్న మాటా నిజమే, కానీ గుండె లయ తప్పే స్థితిలో బొండాం వైద్యం కాదు. మెగ్నీషియం తక్కువగా ఉంటే దాన్ని సరిచేయనిదే పొటాషియం నిలవదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది దీని తరువాతి ఘట్టం. చిక్కిపోయిన బిడ్డను చూసిన తల్లి మీగడ పెరుగు, పూతరేకులు, ఇంకో ముద్ద అంటూ ఒక్కరోజులోనే లోటు తీర్చాలని చూస్తుంది. ఎన్నో రోజులు పస్తున్న శరీరంలోకి పిండిపదార్థం ఒక్కసారిగా చేరితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరి రెండూ దెబ్బతినవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఆహారాన్ని మెట్లు మెట్లుగా పెంచుతూ, మొదటి వారం రోజూ ఈ లవణాల పరీక్ష చేయించాలి. భయపడి మరీ తక్కువ పెట్టడమూ ప్రమాదమే. ఎక్కడ మొదలుపెట్టాలో ప్రమాద స్థాయిని బట్టి వైద్యులు నిర్ణయించాలి.

అనొరెక్సియాను మందు ఒక్కటే నయం చేయదు. కౌమారంలో ఉన్నవారికి, తల్లిదండ్రులు భోజనం బాధ్యతను తమ చేతుల్లోకి తీసుకునే కుటుంబ ఆధారిత చికిత్స మేలు చేస్తుంది. బులీమియా ఉన్న పెద్దవారికి ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో పాటు ఫ్లూఆక్సెటీన్ అనే కుంగుబాటు మందు రోజుకు 60 మిల్లీగ్రాముల వరకు ఇస్తారు. ఈ రెండు జబ్బుల్లోనూ బ్యుప్రోపియాన్ అనే మరో కుంగుబాటు మందు వాడకూడదు. మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది.

తిరిగి వచ్చిన ప్రతిసారీ, మూత్రానికి వెళ్లి వచ్చాకే పలుచని బట్టలతో తూకం వేయండి, ఎందుకంటే కొందరు బరువు చూపించడానికి నీళ్లు తాగి వస్తారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. రాత్రివేళ ఇంట్లో మాట్లాడే తోడు కావాలంటే, తెలుగులో కూడా పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను మందుల చీటీ మీదే రాసి తల్లి చేతికివ్వండి.