గుండె కవాటం చెడితే: ఎవరికి ఏ చికిత్స

(తిరుపతిలో సాధారణ ప్రజల కోసం ఒక గుండె శస్త్రచికిత్స వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

ఈ సభలో ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. వాల్వు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూడా కనిపిస్తున్నారు. అందుకే ఆపరేషన్‌కు ముందు రోజు వార్డు బయట నన్ను నిలబెట్టి అందరూ అడిగే మాటతోనే మొదలుపెడతాను. "సార్, అప్పు చేసైనా డబ్బు తెస్తాం, అన్నిటికంటే మంచి వాల్వు వేయండి" అంటారు. అందరికీ మంచిదైన వాల్వు ఒకటి ఉండి ఉంటే నా పని చాలా తేలికయ్యేది. అలాంటిది లేదు. రోగి వయసెంత, పిల్లలు కావాలనుకుంటున్నారా, రక్తపరీక్షకు ఎంత దూరం వెళ్లాలి అన్నవి తెలియకుండా వాల్వు ఎంచుకోలేం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు జబ్బును పట్టుకోవడం గురించి. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కేసరికి ఎవరికైనా రొప్పు వస్తుంది, అది జబ్బు కాదు. కానీ నిరుడు హాయిగా ఎక్కిన మనిషి ఈ ఏడాది పదేసి మెట్లకు కూలబడుతుంటే, రాత్రి పడుకున్న కాసేపటికే ఊపిరాడక లేచి కూర్చుంటుంటే, సాయంత్రానికి పాదాలు వాస్తుంటే ఆలోచించాలి. వయసు మీద పడిందనో, ఒంట్లో రక్తం తక్కువనో, ఉబ్బసమనో సరిపెట్టుకుని ఊరుకోకండి. స్టెతస్కోపుతో శ్రద్ధగా వింటే కవాటం జబ్బు చాలావరకు అనుమానం తగులుతుంది. ఎకో పరీక్ష, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, చేస్తే తేలిపోతుంది. అందులో సూది లేదు, కోత లేదు.

గుండెలో నాలుగు కవాటాలు ఉంటాయి. రక్తం ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు. అందుకోసం అవి రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఎక్కువగా చెడిపోయేవి ఎడమవైపు ఉన్న రెండు. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తాన్ని కింది గదిలోకి వదిలేది మైట్రల్ కవాటం, అక్కడి నుంచి ఒళ్లంతటికీ పంపేది అయోర్టిక్ కవాటం. ఆరోగ్యంగా ఉన్న మైట్రల్ కవాటం తెరుచుకుంటే దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అది 1.5కు తగ్గితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. అప్పుడు రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. మీరు ఆయాసం అంటున్నది ఆ ఒత్తిడినే. కొందరిలో దారి ఇరుకు కాదు, రెక్కలు సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

సంపన్న దేశాల్లో వాల్వు రోగి అంటే సాధారణంగా డెబ్బై దాటిన వృద్ధులు. వయసుతోపాటు అయోర్టిక్ కవాటానికి సున్నం పట్టి గట్టిపడుతుంది. అలాంటి పెద్దలు మన దగ్గరా పెరుగుతున్నారు. పుట్టుకతోనే అయోర్టిక్ కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉన్నవాళ్లు నూటికి ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లకు ఆ సున్నం ముందే పడుతుంది. అయితే మా వార్డుల్లో ఇప్పటికీ ఎక్కువగా బాధపెట్టే రోగి వేరు. ఆమె వయసు ఇరవై, ముప్పై మధ్య. చంకలో బిడ్డ ఉంటుంది, లేదా కడుపులో ఉంటుంది.

ఆమె జబ్బు బడి వయసులోనే మొదలైంది. ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య ఒకసారి గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి పని అది. గొంతు తగ్గిపోయింది. రెండు మూడు వారాల తరువాత మోకాలు వాచింది, అది తగ్గగానే చీలమండ, ఆ తరువాత మోచేయి. పెరిగే పిల్లల నొప్పులనుకుని నూనె రాసి ఊరుకున్నారు. అది కీళ్లవాత జ్వరం. సూక్ష్మజీవి మీద దాడికి శరీరం తయారుచేసుకున్న రక్షణ బలగం పొరబడి సొంత గుండె కవాటాల మీదే పడింది. కీళ్లు మామూలయ్యాయి. కవాటం మాత్రం మామూలవలేదు. జ్వరం తిరగబెట్టినప్పుడల్లా రెక్కల అంచులు అతుక్కుపోయి, చివరికి ఆ దారి చేప నోరంత సన్నని చీలికగా మిగులుతుంది.

పెళ్లయింది, గర్భం వచ్చింది. గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఇరుకు దారిలో ఆ పెరిగిన రక్తం పోవాలి, గుండె వేగమూ పెరగాలి. ఐదో నెల, ఆరో నెల వచ్చేసరికి పడుకోలేదు, నాలుగడుగులు వేయలేదు. గర్భిణికి ఆయాసం మామూలేనని ఇంట్లో అంటారు. నా మట్టుకు, పడుకుంటే ఊపిరాడని ప్రతి గర్భిణికీ ఆ రోజే ఎకో చేయాలి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక శస్త్రచికిత్స చరిత్ర. వందేళ్ల కిందట గుండెను కత్తితో తాకడమే అపచారమన్నట్లు ఉండేది. 1923లో బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ పన్నెండేళ్ల బాలిక మైట్రల్ కవాటాన్ని సన్నని కత్తితో విడదీశాడు. ఆ పిల్ల నాలుగేళ్లకు పైగా బతికింది. తరువాతి రోగుల్లో ఎక్కువమంది దక్కలేదు, ఆయన ఆ పని మానేశాడు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ ఒక అమ్మాయి గుండెలోకి వేలు పోనిచ్చి కవాటాన్ని తెరిచాడు. ఆమె కోలుకుంది. అయినా ఆయన దగ్గరకు ఆ ఆపరేషన్ కోసం మరో రోగిని ఎవరూ పంపలేదు! రెండు దశాబ్దాలు అలా గడిచాక 1948లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ, బోస్టన్‌లో డ్వైట్ హార్కెన్ కొద్ది రోజుల తేడాతో ఆ దారి మళ్లీ తెరిచారు. కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పెట్టి చేసే ఆ ఆపరేషన్ మన దేశానికీ త్వరగానే వచ్చింది. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరు సీఎంసీ ఆస్పత్రి, ఛాతీ శస్త్రచికిత్సలో మన దేశపు తొలి కేంద్రాల్లో ఒకటి. ఆయాసంతో వేలూరు బస్సెక్కిన తరాలు మన జిల్లాలో ఉన్నాయి.

వేలితో అతుకు విడదీయగలం కానీ పాడైన కవాటాన్ని మార్చలేం. అందుకు గుండెను ఆపి తెరవాలి. 1953లో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రంతో తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశాక అది సాధ్యమైంది. 1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే యువ సర్జన్, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైరైన ఇంజినీరు కలిసి పంజరంలో బంతి ఉండే కవాటాన్ని మైట్రల్ స్థానంలో అమర్చారు. ఎడ్వర్డ్స్ మొదట కృత్రిమ గుండె చేద్దామని వచ్చాడు. ముందు ఒక్క కవాటం చేద్దామన్నాడు స్టార్. ఆ మాట వల్ల ఎన్ని లక్షల మంది బతికారో!

ఆ తరువాత బంతి పోయి వాలే పళ్లెం వచ్చింది, 1977లో రెండు రెక్కల కవాటం వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న లోహ కవాటాలు ఈ చివరి రకానివే. మరోపక్క ఫ్రాన్స్‌లో అలాన్ కార్పాంటియర్ పంది కవాటాన్ని గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో శుద్ధి చేసి మనిషికి వాడే పద్ధతి తీర్చిదిద్దాడు.

విదేశీ కవాటం కొనలేక మన రోగులు చనిపోతున్న కాలంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్, ఆయనతోపాటు ఇంజినీర్లు, సొంత కవాటం తయారీకి పూనుకున్నారు. మొదటి మూడు నమూనాలు పరీక్షల్లో విఫలమయ్యాయి. నాలుగోది నిలిచింది. లోహపు చట్రం, అందులో గట్టి పాలిథిలిన్ పళ్లెం. 1990 డిసెంబరులో తొలి రోగికి అమర్చారు. వేలాది మంది గుండెల్లో అది పనిచేస్తోంది. దేశీయమైనది కాబట్టి తక్కువ రకమేమోనని ఇప్పటికీ కొందరు సందేహంగా అడుగుతారు. ఆ సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. లోహమా, జంతు కణజాలమా?

లోహ కవాటం అరగదు, దశాబ్దాలు ఉంటుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి వార్ఫరిన్ గానీ, ఎసిట్రామ్ గానీ జీవితాంతం వేసుకోవాలి. ఆ మందు మోతాదు అందరికీ ఒకటి కాదు, ఒకే మనిషికి ఏడాది పొడవునా ఒకటి కాదు. ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్షతో, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూసే పరీక్షతో, సరిచూస్తూ ఉండాలి. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. అయోర్టిక్ స్థానంలో లోహ కవాటం ఉంటే సాధారణంగా 2 నుంచి 3, మైట్రల్ స్థానంలో ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద గడ్డ, లేదా ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం. పెరిగితే రక్తస్రావం. గోంగూర, తోటకూర మానేయమని ఎవరో చెప్పారని చాలామంది ఆకుకూరలు ముట్టడం లేదు. మానక్కర్లేదు, రోజూ తినేది ఇంచుమించు ఒకే తీరుగా ఉంటే చాలు. ఒక వారం అసలు లేక, మరో వారం మూడు పూటలా తింటేనే లెక్క తప్పుతుంది. ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలతో అంతకంటే ఎక్కువ ప్రమాదం. రక్తం పలుచబరిచే కొత్తరకం మందులున్నాయి కదా, పరీక్ష అక్కర్లేదట కదా అంటారు. లోహ కవాటం ఉన్నవాళ్లు వాటిని వాడకూడదు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ కొత్త మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్ తీసుకున్నవాళ్లకు గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువయ్యాయి.

కణజాల కవాటానికి ఈ మందు జీవితాంతం అక్కర్లేదు, చాలామందికి తొలి నెలలతో సరిపోతుంది. కానీ అది పదేళ్లు, పదిహేనేళ్లలో అరుగుతుంది. వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా పాడవుతుంది.

వి.కోట అవతల ఒక పల్లెలో పాతికేళ్ల అమ్మాయి ఉందనుకుందాం. ఇంకా పిల్లలు లేరు. వయసును బట్టి చూస్తే లోహ కవాటం వేయాలని పుస్తకం చెబుతుంది. ఆ మందు గర్భం తొలి వారాల్లో శిశువుకు హాని చేస్తుంది. ఆపితే తల్లి కవాటం మీద గడ్డ కడుతుంది. పరీక్షకు తిరుపతి వచ్చి వెళ్లాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, తోడు ఒక మనిషి. రెండు నెలలు వస్తారు, మూడో నెల కోతల పనిలో మరిచిపోతారు. ఇలాంటి అమ్మాయికి పదేళ్ల తరువాత రెండో ఆపరేషన్ తప్పదని విడమరిచి చెప్పి, కణజాల కవాటం వేయడం చాలాసార్లు మేలైన నిర్ణయం. అదే వయసున్న, పట్నంలో ఉంటూ నెలనెలా పరీక్ష చేయించుకోగల పురుషుడికి లోహమే మేలు. అరవై అయిదు దాటినవారికి కణజాలం వైపే మొగ్గుతాం.

ఈ రెండింటికంటే ముందు చూడాల్సింది మరొకటి ఉంది. సొంత కవాటాన్ని బాగుచేయగలమా? రెక్కలు లీకవుతుంటే కత్తిరించి, కుట్టి, చుట్టూ ఉంగరం బిగించే పద్ధతులను కార్పాంటియర్ ఒక శాస్త్రంగా మలిచాడు. కీళ్లవాతం వల్ల ముడుచుకుపోయిన కవాటంలో ఇది కష్టం, అన్నిసార్లూ కుదరదు. కుదిరిన చోట మార్పిడి కంటే బాగుచేయడమే గొప్ప పని అని నేను గట్టిగా నమ్ముతాను. ఇరుకు మాత్రమే ఉండి రెక్కలు ఇంకా మెత్తగా ఉంటే కోతే అక్కర్లేదు. 1982లో జపాన్‌కు చెందిన కంజి ఇనోవే కాలి సిర గుండా బెలూన్ పంపి మైట్రల్ కవాటాన్ని తెరిచాడు. వేలితో చేసిన పనినే ఇప్పుడు బెలూన్ చేస్తోంది. లీకు పెద్దగా లేకుండా, పై గదిలో గడ్డ లేకుండా ఉండాలి. అవసరమైతే గర్భిణికీ చేస్తారు.

ఇటీవలి వార్తల్లో ఎక్కువగా వినిపిస్తున్నది ఛాతీ తెరవకుండా వాల్వు వేయడం. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలాన్ క్రిబియే, ఆపరేషన్‌కు తట్టుకోలేని 57 ఏళ్ల రోగికి రక్తనాళం గుండా మడిచిన కవాటాన్ని పంపి అయోర్టిక్ స్థానంలో విప్పాడు. దాన్నే టావీ అంటారు. ఇప్పుడు చాలామంది వృద్ధులకు ఛాతీ ఆపరేషన్‌కు దీటైన చికిత్స అది. అయోర్టిక్ కవాటం ఇరుకై ఆయాసమో, స్పృహ తప్పడమో మొదలయ్యాక ఏమీ చేయకుండా వదిలేస్తే దాదాపు సగం మంది రెండేళ్లలో చనిపోతారు. ఎనభై ఏళ్లకు ఇంకేం ఆపరేషన్ అని వెనక్కి తీసుకెళ్లిన తల్లిదండ్రులను ఇప్పుడు మళ్లీ తీసుకురండి. గుజరాత్‌లో తయారవుతున్న మన దేశపు కవాటాలూ ఉన్నాయి. ఖర్చు మాత్రం ఇంకా ఎక్కువే. కీళ్లవాతంతో ఇరుకైన మైట్రల్ కవాటానికి ఈ పద్ధతి సరిపోదు. అందుకే మన యువతుల కథలో టావీ ఇంకా పెద్ద పాత్రధారి కాదు.

వాళ్ల కథ మార్చగలిగేది చాలా చవకైన మందు. కీళ్లవాత జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. పెద్దవాళ్లకు 12 లక్షల యూనిట్లు, చిన్నపిల్లలకు తక్కువ. గుండె దెబ్బతిని ఉంటే ఏళ్ల తరబడి, కొందరికి నలభై ఏళ్లు వచ్చే దాకా. నొప్పి పుడుతుందని పిల్లలు ఏడుస్తారు, రియాక్షన్ వస్తుందని కొన్ని చోట్ల ఇవ్వడానికి భయపడతారు. ప్రాణాపాయమైన రియాక్షన్ చాలా అరుదు. అందుకు సిద్ధంగా ఉండి ఇవ్వాలి గానీ, ఇవ్వడం మానకూడదు. ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కీళ్లు ఒకదాని తరువాత ఒకటి వాచే పిల్ల మీ కంట పడితే ఆస్పత్రికి పంపండి. ఇంజెక్షన్ తేదీ తప్పిన పిల్ల ఇంటికి వెళ్లండి. ఐఎన్‌ఆర్ పరీక్ష ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందాలని ప్రజాప్రతినిధులను నిలదీయండి. వేలికొన నుంచి ఒక చుక్క రక్తంతో చెప్పే చిన్న యంత్రాలు ఉన్నాయి. లక్షల ఖర్చుతో ఆపరేషన్‌ను ప్రభుత్వ పథకంలో చేయిస్తున్నప్పుడు దాన్ని కాపాడే పరీక్షను పల్లె దాకా తీసుకెళ్లలేమా?

ఇప్పటికే వాల్వు మార్పించుకున్నవాళ్లకు ఇంకొన్ని మాటలు. పన్ను పీకించుకునే ముందు దంతవైద్యుడికి మీ వాల్వు సంగతి చెప్పండి, ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలి. కారణం తెలియని జ్వరం వారం దాటితే కవాటానికి ఇన్ఫెక్షన్ సోకిందేమోనని చూపించుకోండి. రక్తం పలుచబరిచే మందు వాడుతున్న అమ్మాయిలు పిల్లలు కావాలనుకుంటే నెల తప్పాక కాదు, అనుకున్న రోజే భర్తతో కలిసి మా దగ్గరకు రండి. మందు ఎప్పుడు మార్చాలో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ ఎప్పుడు మొదలుపెట్టాలో, కాన్పు ఎక్కడ జరగాలో అప్పుడే కూర్చుని రాసుకుందాం.