ఉప్పుకు చక్కెర తోడెందుకు?

(విజయనగరంలో డిగ్రీ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

2024 అక్టోబరులో మన జిల్లాలోని గుర్ల మండలంలో అతిసారం ప్రబలిన సంగతి మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. ముందు వరుసలో కూర్చున్న ఆశా కార్యకర్తల సంచుల్లో ఉండే ఓఆర్ఎస్ పొట్లం గురించి ఒక ప్రశ్న అడుగుతాను. విరేచనాల్లో పోయేది నీరు, ఉప్పు. అలాంటప్పుడు పొట్లంలో గ్లూకోజు ఎందుకు? నీరసం తగ్గడానికని కొందరు, పిల్లలు తాగడానికి మొరాయించకుండా ఉండాలని కొందరు చెబుతారు. అసలు కారణం పేగు గోడలోని కణాల పైపొరలో, ఆ పొరలో కూర్చున్న ప్రోటీన్లలో ఉంది.

కణత్వచాన్ని, అంటే కణం పైపొరను, కోటగోడతో పోల్చడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. ఈ ఊళ్లో 1713లో కట్టిన కోట ఉంది కనుక నాకూ ఆ పోలిక సులువే, కానీ అది సరైన పోలిక కాదని నా అభిప్రాయం. రాతిగోడ కదలదు, దానికి బిగించిన తలుపూ చోటు మారదు. కణత్వచం రెండు వరసల కొవ్వు అణువులతో ఏర్పడిన పలుచని నూనె పొర. ఈ రెండు వరసల సంగతిని 1925లో గోర్టర్, గ్రెండెల్ చెప్పారు. ఆ పొరలో ప్రోటీన్లు తేలుతూ పక్కలకు జరుగుతూ ఉంటాయన్న చిత్రాన్ని 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చారు. పొర మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి ఇరవై వేలు ఒకదానిపై ఒకటి పేరిస్తే గాని ఒక కాగితమంత మందం రాదు. అయినా విద్యుదావేశం ఉన్న సోడియం అయాను తన చుట్టూ చేరిన నీటి అణువులను వదిలి ఈ నూనెలోకి దిగలేదు. ఆక్సిజన్ దాటుతుంది, సోడియం దాటదు. దాన్ని దాటించవలసింది ప్రోటీనే. పొరను ఆసాంతం దూసుకుపోయే ప్రోటీనులో నూనెతో పొసిగే అమైనో ఆమ్లాలు సుమారు ఇరవై, మెలితిరిగిన తాడులా అమరి ఉంటాయి. ఒక్కో ప్రోటీను ఇలా ఒకసారో, ఏడుసార్లో, పన్నెండుసార్లో పొరను దాటుతుంది.

వీటిలో మొదట చెప్పుకోవలసింది సోడియం పంపు. 1957లో డెన్మార్కులో యెన్స్ స్కౌ దీన్ని పీతకాళ్ల నరాల్లో కనిపెట్టారు. మన కోనాడ తీరంలో పీతలు పట్టేవారికి ఈ మాట వినోదంగా ఉంటుంది గాని, ఆ పనికే ఆయనకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకదాన్ని ఖర్చుచేసి ఈ పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. అందువల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ కొరతగానే ఉంటుంది, బయటి సోడియం లోపలికి రావాలని ఒత్తుతూనే ఉంటుంది. పేగు కణంలో ఈ పంపు రక్తంవైపు ఉండే పొరలోనే ఉంటుంది. ఆహారంవైపు పొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే మరో ప్రోటీను ఉంటుంది.

ఎస్‌జీఎల్‌టీ1 పనితీరు చూడండి. దాని నోరు ముందు పేగులోకి తెరిచి ఉంటుంది. రెండు సోడియం అయాన్లు, వాటి వెంట ఒక గ్లూకోజు అణువు వచ్చి కూర్చున్నాక దాని ఆకారం మారి, పేగువైపు నోరు మూసుకుని కణంవైపు తెరుచుకుంటుంది. లోపలికి దూసుకెళ్లే సోడియం తన వెంట గ్లూకోజును లాక్కెళుతుంది. గ్లూకోజు లేకపోతే ఈ దారిన సోడియమూ వెళ్లదు. ఈ జోడు ప్రయాణాన్ని 1960లో ప్రాగ్‌లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. ఉప్పు, చక్కెర లోపలికి వెళితే నీరు వాటిని అనుసరిస్తుంది. పొట్లంలో గ్లూకోజు ఉన్నది ఇందుకే. అయితే చక్కెర ఎక్కువైతే అది పేగులోనే మిగిలి నీటిని తనవైపు లాగుతుంది. అందుకే విరేచనాలవుతున్న బిడ్డకు కూల్‌డ్రింకు పట్టడం తప్పు. మన ఇళ్లలో పెద్దలు ఉప్పు వేసి ఇచ్చే గంజి అంతకంటే ఎంతో మెరుగు, ఎందుకంటే గంజిలోని పిండిపదార్థం మెల్లగా విడిపోతూ గ్లూకోజును కొద్దికొద్దిగానే అందిస్తుంది.

ఇక అదే పొరలో ఉండే మరో రకం ప్రోటీన్లు, గ్రాహకాల దగ్గరికి వద్దాం. గ్రాహకం దేనినీ లోపలికి దాటించదు, కబురు మాత్రమే అందిస్తుంది. పొరను ఏడుసార్లు దాటే గ్రాహకాల కుటుంబాన్ని శోధించిన లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ వచ్చింది. బయట హార్మోను తగలగానే గ్రాహకం లోపలి కొస కదులుతుంది. ఆ కదలికతో పక్కనున్న జీ ప్రోటీను మేల్కొని ఒక ఎంజైమును తట్టి లేపుతుంది, అది సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. జీ ప్రోటీను కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. కలరా విషం సరిగ్గా ఆ ఆగే శక్తినే పాడుచేస్తుంది. ఈ విషం ఉనికిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ల పేగులపై ప్రయోగాలతో నిరూపించారు. సైక్లిక్ ఏఎంపీ పెరిగిపోవడంతో సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడు మార్గం తెరుచుకునే ఉంటుంది. క్లోరైడు వెంట సోడియం, వాటి వెంట నీరు పేగులోకి కారిపోతాయి. అంత జరుగుతున్నా ఎస్‌జీఎల్‌టీ1కు మాత్రం దెబ్బ తగలదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి కలరా రోగులకు తాగించినప్పుడు, నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు కంటే తక్కువకు పడిపోయాయి. చెడిపోని ఆ ఒక్క దారే వారిని బతికించింది.

విద్యార్థులకు ఒక వింత చెప్పాలి. పేగులో నీటిని పారబోయించే సైక్లిక్ ఏఎంపీయే మూత్రపిండంలో నీటిని దాచిపెడుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వచ్చే వాసోప్రెసిన్ హార్మోను అక్కడి గ్రాహకాన్ని తాకుతుంది, సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. కణం లోపలి చిన్న తిత్తుల్లో దాగిన నీటి మార్గాలు పైపొరకు చేరతాయి. ఇవి ఆక్వాపోరిన్లు. 1992లో పీటర్ ఆగ్రె వీటిని గుర్తించారు. ఒక్కో ఆక్వాపోరిన్ గుండా సెకనుకు దాదాపు మూడు వందల కోట్ల నీటి అణువులు సాగిపోతాయి. కబురు ఒకటే, దాన్ని అందుకునే కణంలో ఏ ప్రోటీన్లు ఉన్నాయన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఆశా కార్యకర్తలు ఇంటికి వెళ్లగానే తల్లిని అడిగే ప్రశ్న ఒకటుంది: "బిడ్డ మూత్రం పోశాడా, ఏ రంగులో ఉంది?" మూత్రం తగ్గి చిక్కబడిందంటే ఆక్వాపోరిన్లు పైపొరకు చేరి, దొరికిన ప్రతి చుక్కనూ తిరిగి రక్తంలోకి పంపుతున్నాయని అర్థం. చెంచాతో పట్టిన ఓఆర్ఎస్ పేగులో ఇంకి, వాసోప్రెసిన్ తగ్గాక, ఆ మార్గాలు మళ్లీ కణం లోపలి తిత్తుల్లోకి వెళ్లిపోతాయి. అప్పుడు బిడ్డ తేటగా మూత్రం పోస్తాడు.