నీలగిరుల ఛారిటీ సైకిల్ రైడ్: రెండో రోజు పొద్దున కోసం తయారవ్వండి

అందరికీ నమస్కారం. డిసెంబరు దగ్గరపడితే చాలు, సైకిల్ గ్రూపుల్లో నీలగిరుల మాటే. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ అనే చాలా రోజుల సైకిల్ యాత్రకి పేరు నమోదు చేసుకునేవాళ్లు కొందరైతే, అదే కొండల్లో సొంతంగా నాలుగైదు రోజులు తొక్కి ఏ ఆసుపత్రికో, బడికో డబ్బు పోగుచేద్దాం అనుకునేవాళ్లు ఇంకొందరు. వీళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఒక్క రోజులో వంద కిలోమీటర్లు తొక్కేస్తున్నాను కదా, సరిపోతుందా?"

సరిపోదండీ. మొదటి రోజు ఉత్సాహమే లాక్కుపోతుంది. రెండో రోజు పొద్దున తొడలు బిగుసుకుపోయి, సీటు మీద కూర్చోగానే చర్మం మండుతుంటే అప్పుడు తొక్కాలి. కాబట్టి శనివారం ఎంత తొక్కారో ఆదివారం కూడా ఇంచుమించు అంతే తొక్కండి. రెండు నెలల పాటు వారం విడిచి వారమైనా ఇలా జంటగా తొక్కితే, అలసిన కాళ్లతో బయల్దేరడం ఒంటికి అలవాటవుతుంది.

ఇక ఎక్కుడు. మనం బయల్దేరే మైసూరు సముద్రమట్టానికి సుమారు 770 మీటర్ల ఎత్తులో ఉంటే, ఊటీ 2,240 మీటర్ల దగ్గర ఉంది. మసినగుడి మీదుగా వెళ్తే ఆ తేడాలో చాలా భాగం ఒక్క కల్హట్టి ఘాట్‌లోనే ఎక్కాలి. 36 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు బోర్డు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ నాకు చాలా ఇష్టం, కానీ చదునుగా ఉండే ఆ ట్రాక్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ కొండ ఎక్కలేం. హైదరాబాద్ వాళ్లు వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లి ఆ ఎక్కుడునే మళ్లీ మళ్లీ ఎక్కండి. విశాఖ వాళ్లు అదృష్టవంతులు, ఎస్.కోట దాటితే అరకు ఘాట్ ఉంది. ఎక్కుడు తేలికవ్వాలంటే వెనక చక్రానికి 32 లేదా 34 పళ్ల గేరు ఉందో లేదో ఇప్పుడే మెకానిక్‌తో చూపించుకోండి. బయల్దేరే ముందు రోజు మార్పించుకుంటే గేర్లు కుదురుకోవు, టెన్షన్ మాత్రం మిగులుతుంది.

మైసూరు నుంచి ఊటీ వెళ్లే దారిలో వచ్చే బండీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు రాకపోకలు బంద్. పగలైనా అది ఏనుగులు తిరిగే దారి. ఆ ముక్కని తొక్కనిస్తారా, వాహనంలో దాటిస్తారా అని నిర్వాహకుల్ని ముందే అడగండి. సొంతంగా వెళ్లేవాళ్లు అటవీ శాఖని అడగకుండా బయల్దేరొద్దు.

సైకిల్ మైసూరు చేరడం ఇంకో పని. కాచిగూడ నుంచి మైసూరుకి రాత్రి రైలు ఉంది. పార్శిల్ ఆఫీసులో బుక్ చేస్తే సైకిల్ లగేజీ వ్యాన్‌లో వస్తుంది. విమానమైతే పెట్టెలో సర్దాలి. పెడల్స్ విప్పేటప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: కుడివైపుది మామూలు మరే, ఎడమవైపుది తిరగమర. అంటే ఎడమ పెడల్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక రెండో వైపు బలంగా బిగిస్తే ఇక మెకానిక్ దగ్గరికి పరుగే. సీటు రాడ్డు ఎంత ఎత్తులో ఉందో విప్పే ముందే దానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. రోజుల తరబడి తొక్కేటప్పుడు ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా మోకాలు ఊరుకోదు.

బట్టల విషయంలో నా పట్టుదల ఒక్కటే. ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ రోజుకొకటి చొప్పున పట్టుకెళ్లండి. డిసెంబరులో ఊటీ రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరపడతాయి, ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరవు. తడి షార్ట్స్‌తో తొక్కితే రాపిడికి పుండ్లు పడతాయి, రైడ్ అక్కడితో ఆగిపోతుంది. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు వణుకు. అందుకని జేబులో మడిచి పెట్టుకునే పల్చటి జాకెట్, పూర్తి వేళ్ల గ్లౌజులు ఉండాల్సిందే. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్ల మీద నిషేధం ఉంది, మీ సీసాలు మీరే తెచ్చుకోండి. తిండికి ఖర్జూరాలు, పల్లీ చిక్కీ, ఓఆర్‌ఎస్ పొట్లాలు చాలు, ఆకలి వేయకముందే తింటూ ఉండండి.

ఇప్పుడు డబ్బు సంగతి. అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఇదే. మీ టికెట్, గది, తిండి ఖర్చులు మీ జేబులోంచే పెట్టుకోండి, ఆ మాట దాతలకి మొదటే చెప్పండి. "నా ఫోన్‌పేకి కొట్టండి, తర్వాత నేను కడతాను" అనొద్దు. నేరుగా సంస్థ ఖాతాకే పంపించండి, రసీదు వాళ్ల పేరు మీదే వస్తుంది. 80జీ అని మనం పిలిచే పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ సంస్థకి ఆ గుర్తింపు ఉంటేనే. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే అది కూడా దక్కదు.

అమెరికాలో ఉన్న బాబాయినో, అక్కనో అడగబోతున్నారా? ముందు వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం, భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాకి వెళ్లాలి. ప్రేమతో పంపిన డబ్బు వల్ల ఒక చిన్న సంస్థ చిక్కుల్లో పడకూడదు. అందుకే పోస్టర్ వేయకముందే సంస్థవాళ్లకి ఫోన్ చేసి, ఎవరెవరి దగ్గర తీసుకోవచ్చో, ఏ ఖాతాకి పంపాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కాగితాన్నే దాతల వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసి పెట్టండి.