మూడున్నర శ్రుతి ఎందుకు లేదు?

(గిటార్ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే అయినా, నాకిచ్చిన సమయం తక్కువ, వెళ్లబోసుకోవలసిన గోడు ఎక్కువ కాబట్టి అందరికీ కలిపి ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను, మన్నించండి. ఆహ్వాన పత్రికలో ‘గిటార్ అభ్యాసంలో సంగీత శాస్త్ర ప్రాధాన్యం’ అని వేశారు. ప్రాధాన్యం గురించి నేను మాట్లాడను. అది లేదనేవారు ఈ సభలో ఎవరూ లేరు. పిల్లలకు థియరీ పుస్తకం కొనిపెట్టని తల్లిదండ్రులూ లేరు. ఆ పుస్తకంలో ఉన్న విద్య వేళ్లలోకి ఎందుకు దిగడం లేదన్నదే నా ప్రశ్న.

నేను కొంతకాలం పాఠాలు చెప్పిన ఒక శిక్షణాలయంలో థియరీ తరగతి జరిగే గదిలోకి వాద్యాలు తేకూడదన్న నియమం ఉండేది. పక్కగదిలో పియానో పాఠానికి ఇబ్బంది అవుతుందని కారణం చెప్పేవారు. పిల్లలు గిటార్లను వరండాలో గోడకు ఆనించి, లోపలికి వచ్చి, ఐదు గీతల మీద డి మేజర్ స్కేలు రాసి, దానికి రెండు షార్పులు (స్వరాన్ని అర అంతరం పెంచే గుర్తులు) తప్పు లేకుండా పెట్టి, పదికి పది మార్కులు తెచ్చుకుని బయటికి వెళ్లేవారు. ఆ రెండు షార్పుల్లో ఒకటైన ఎఫ్ షార్ప్ ఎక్కడుందో వరండాలోని గిటార్ మీద చూపించమంటే మాత్రం ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు. గిటార్ మెడ మీది మెట్లనే ఫ్రెట్లంటారు; అది ఆరో తీగ మీద రెండో ఫ్రెట్‌లోనే ఉంది. ఒకటో తీగ మీద కూడా రెండో ఫ్రెట్‌లోనే ఉంది. అప్పుడే నొక్కి వదిలిన చోటే, కాకపోతే దాని పేరు అదేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ నియమం మార్చమని నేను రాసిచ్చిన ఉత్తరానికి నేను అక్కడ ఉన్నంత కాలం జవాబు రాలేదు.

వేదిక ఎక్కినప్పుడు దీని ఫలితం ఎలా ఉంటుందో చెబుతాను. ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో నేను బేస్ గిటార్ వాయిస్తున్నాను. రిథమ్ గిటార్ వాయించే కుర్రవాడిది మంచి చెయ్యి, తాళంలో తూకం తప్పేవాడు కాదు. పాటను జి మేజర్‌లో శ్రద్ధగా సాధన చేసుకుని వచ్చాడు. గాయని మైకు దగ్గరికి వస్తూనే, ‘‘నాది ఐదున్నర అండీ’’ అంది. అతను నా వైపు తిరిగి, ‘‘ఐదున్నర అంటే ఏమిటి మాస్టారూ?’’ అని మెల్లగా అడిగాడు. జి షార్ప్ అనీ, కేపో అనే క్లిప్పును ఒకటో ఫ్రెట్ మీద బిగించి అవే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయించమనీ చెప్పాను. పల్లవి చక్కగా నడిచింది. ఇంతలో ఆవిడ గొంతు సవరించుకుని, ‘‘జలుబుగా ఉంది, నాలుగున్నరకు దించుకుందామా?’’ అంది. కీబోర్డు అతను శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి సిద్ధమైపోయాడు. మనవాడు కేపో తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కేపో తీసేస్తే జి, అంటే ఐదు శ్రుతి. ఆవిడ అడిగింది దానికి ఇంకొక ఫ్రెట్ కింద. కేపోతో శ్రుతి పెంచడమే గానీ దించడం కుదరదు. ‘‘తీగలన్నీ ఒక మెట్టు వదులు చేయనా?’’ అన్నాడు. చేయవచ్చు, కానీ తర్వాతి పాటకు మళ్లీ ఆరు తీగలూ బిగించాలి; వదులు చేసి బిగించిన తీగ పది నిమిషాలు నిలకడగా ఉండదు.

మీలో ఎందరికి ఆ కుర్రవాడి సమస్యకు జవాబు తెలుసో చెయ్యెత్తండి. సిగ్గుపడనవసరం లేదు. నేను చూస్తున్నంతలో ఎత్తిన చేతులు కొన్నే. కాబట్టి మొదటినుంచి వద్దాం.

హార్మోనియం మీద సి అన్న తెల్లమెట్టుకు మనవాళ్లు ఒకటి అని అంకె పెట్టారు. డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. మధ్యలో ఉన్న నల్లమెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. నాటకాల హార్మోనిస్టు నుంచి సినిమా పాటల గాయని దాకా అందరూ శ్రుతిని ఈ అంకెల్లోనే చెబుతారు. ఇందులో మూడున్నర లేదు, ఏడున్నర లేదు. ఎందుకు లేవని నేను అడిగితే పిల్లలు ‘అక్కడ నల్లమెట్టు లేదు కాబట్టి’ అంటారు. అక్కడ నల్లమెట్టు ఎందుకు లేదో కూడా అడగాలి. ఇ నుంచి ఎఫ్‌కు, బి నుంచి సి‌కి ఉన్నది అర అంతరమే, అంటే గిటార్ మీద ఒకే ఫ్రెట్. మిగిలిన తెల్లమెట్ల మధ్య రెండేసి ఫ్రెట్ల దూరం. రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి: పాశ్చాత్యులు మేజర్ స్కేలు అనేది, మనం శంకరాభరణం స్వరాలు అనేది ఈ వరుసనే.

గిటార్లు వెంట తెచ్చుకున్నవాళ్లు ఒక్కసారి ఒళ్లోకి తీసుకోండి. పరవాలేదు, శబ్దం రానివ్వండి, ఇక్కడ పక్కగదిలో పాఠం లేదు. ఐదో తీగను ఖాళీగా మీటి ‘స’ అనుకోండి. రెండో ఫ్రెట్ ‘రి’, నాలుగు ‘గ’, ఐదు ‘మ’, ఏడు ‘ప’, తొమ్మిది ‘ద’, పదకొండు ‘ని’, పన్నెండు మళ్లీ ‘స’. ఒక్క తీగ మీదనే వాయించండి, నోటితో పాడుతూ వాయించండి. బాక్సు బొమ్మలు తర్వాత చూద్దాం. అడ్డంగా ఆరు తీగల మీద పరచిన బొమ్మలో స్వరాల మధ్య దూరం కంటికి ఆనదు. ఒకే తీగ మీద నిలువునా నడిస్తే ‘గ’కూ ‘మ’కూ మధ్య చెయ్యి ఎంత తక్కువ జరిగిందో వేలికే తెలుస్తుంది. వీణ మీద ఒక్కొక్క తీగ కింద 24 మెట్లతో రెండు స్థాయిలు (‘స’ నుంచి పై ‘స’ దాకా ఒక స్థాయి) పరిచినవారు మనకీ సౌకర్యం ఎప్పుడో చూపించారు.

నోటితో పాడమని ఎందుకంటున్నానో చెప్పాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ మెట్ల వాద్యం మీద కర్ణాటక సంగీతాన్ని ఎక్కడికి తీసుకుపోయారో మీకు తెలుసు. ఆయనకు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని మెట్ల మీద వెతుక్కుని వాయించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించే బొమ్మ లేని చోట, చెవి ఆ పని చేసింది. అంతటి ప్రతిభ మన అందరికీ ఉండకపోవచ్చు గానీ, ఆ పద్ధతికి మాత్రం ప్రతిభతో పని లేదు.

ఇప్పుడు కార్డ్ దగ్గరికి వద్దాం. ఇ మేజర్ పట్టుకోండి. మీ చూపుడు వేలు మూడో తీగ మీద ఒకటో ఫ్రెట్‌లో ఉంది. అక్కడ పలుకుతున్నది జి షార్ప్, అంటే ‘ఇ’ని షడ్జం అనుకుంటే అంతర గాంధారం, శంకరాభరణంలోని ‘గ’. ఆ ఒక్క వేలు ఎత్తేయండి. ఇ మైనర్ వచ్చింది. అంతర గాంధారం పోయి దానికి ఒక ఫ్రెట్ కింద ఉండే సాధారణ గాంధారం వచ్చింది, అంతే. మేజర్ కార్డ్ అంటే షడ్జం, అంతర గాంధారం, పంచమం. మైనర్ కార్డ్ అంటే షడ్జం, సాధారణ గాంధారం, పంచమం. ఒకటి సంతోషానికి, ఇంకొకటి విషాదానికి అని చెప్పి పిల్లల్ని పంపించేయడం నాకు నచ్చదు. మైనర్‌లో కట్టిన హుషారు పాటలు మన సినిమాల్లో కావలసినన్ని ఉన్నాయి. ఏ వేలు ఎత్తితే ఏ స్వరం మారిందో చెప్పడం అంతకన్నా తేలిక, పైగా నిజం.

ఇంకొక అడుగు వేద్దాం. శంకరాభరణంలో ఒక స్వరాన్ని తీసుకుని, ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడు స్వరాలు పేర్చండి. స-గ-ప మేజర్. రి-మ-ద మైనర్. గ-ప-ని మైనర్. మ-ద-స మేజర్. ప-ని-రి మేజర్. ద-స-గ మైనర్. చివరి ని-రి-మ డిమినిష్డ్, దానికి సరైన పంచమం దొరకదు. ఎన్ని వందల పాటల కార్డ్‌లు రాసుకున్నా, వాటిలో చాలామటుకు ఈ ఏడింటిలోవే, అందులోనూ మొదటిది, నాలుగోది, ఐదోది, ఆరోది. ఈ స్థానాలకు అంకెలు వేసుకోవడం నేర్చుకుంటే చాలు.

ఆ కుర్రవాడు సాధన చేసిన పాటలో ఉన్నవి జి, ఇ మైనర్, సి, డి. అంకెల్లో చెబితే ఒకటి, ఆరు, నాలుగు, ఐదు. నాలుగున్నర శ్రుతి, అంటే ఎఫ్ షార్ప్, ఒకటో స్థానమైతే అవి ఎఫ్ షార్ప్, డి షార్ప్ మైనర్, బి, సి షార్ప్ అవుతాయి. అన్నీ చూపుడు వేలితో తీగలను అడ్డంగా నొక్కిపట్టే బారె కార్డ్‌లే, చెయ్యి నొప్పి పుడుతుంది. కానీ అవే అంకెలు డి మేజర్‌లో డి, బి మైనర్, జి, ఎ. నాలుగో ఫ్రెట్ మీద కేపో బిగించి వాటిని వాయిస్తే వినిపించేది ఎఫ్ షార్ప్. రెండో ఫ్రెట్ మీద బిగించి ఇ, సి షార్ప్ మైనర్, ఎ, బి వాయించినా అదే. ఆ కుర్రవాడికి ఈ కార్డ్‌లన్నీ వచ్చు. రానిదల్లా వాటి మధ్య బంధుత్వం. నేను చెవిలో ‘‘నాలుగో ఫ్రెట్, డి నుంచి మొదలుపెట్టు’’ అంటే నడిపించేశాడు. పాట అయ్యాక, ‘‘ఇది నాకు ఇంతకుముందు ఎందుకు చెప్పలేదు మాస్టారూ?’’ అన్నాడు. అతను థియరీలో మూడు గ్రేడ్లు పాసైనవాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు వరండాలో గోడకు ఆనించిన గిటార్ల మీద కోపం రాదు, గదికి నియమం పెట్టినవారి మీద వస్తుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. సరళీ స్వరాలు వచ్చిన పిల్లవాడికి గిటార్ థియరీలో సగం వచ్చినట్టే. కాకపోతే ఆ సరళీ స్వరాలు మాయామాళవగౌళలో ఉంటాయి, అందులోని రిషభ ధైవతాలు శుద్ధాలు, అంటే శంకరాభరణంలోని వాటికన్నా ఒక ఫ్రెట్ కింద ఉండేవి. వాటిని చతుశ్రుతికి మార్చి శంకరాభరణంగా పాడించండి, గిటార్ పాఠానికి మార్గం తెరుచుకుంటుంది. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలను అనుసరించి శంకరాభరణ స్వరాల్లో కట్టిన నొట్టు స్వరాలు ఉన్నాయి. గమకం లేకుండా, స్వరం స్వరంగా నడిచే ఆ చిన్న రచనలకు కార్డ్‌లు కూర్చడం కన్నా మంచి తొలి అభ్యాసం నాకు కనిపించలేదు. అలాగని రాగమూ స్కేలూ ఒకటేనని నేను అనడం లేదు. మోహనం స్వరాలు వాయించినంత మాత్రాన మోహన రాగం పలకదు. ఈ తేడా చెప్పకుండా పట్టికలు మాత్రం అంటించే పాఠాలను చూసి పెద్ద విద్వాంసులు చిరాకు పడితే అందులో తప్పు లేదు.

ఇక్కడే అందరినీ వేధించే విషయం ఒకటుంది, మొన్న ఒక తండ్రి గారు కూడా అడిగారు. ట్యూనర్‌తో శ్రుతి చేసినా ఇ మేజర్ కార్డ్‌లో గాంధారం కాస్త కరుకుగా వినిపిస్తోందన్నారు. ఆయన చెవి బాగుంది. తంబురలో మంద్ర షడ్జం మీటితే అందులోంచి పలికే గాంధారం షడ్జానికి 386 సెంట్ల ఎత్తున ఉంటుంది; ఒక ఫ్రెట్ దూరాన్ని వంద సెంట్లుగా లెక్కిస్తారు. స్థాయిని 12 సమభాగాలు చేసిన గిటార్ ఫ్రెట్ మీద అది 400. ఆ 14 సెంట్లే ఆయనకు వినిపించినవి. చెవికి ఇంపుగా ఉండేలా మూడో తీగను కాస్త దించితే ఇ మేజర్ తియ్యగా పలుకుతుంది, మరుక్షణం జి మేజర్ పాడవుతుంది. అన్ని శ్రుతుల్లోనూ ఒకే వాద్యం పనిచేయాలంటే ప్రతిచోటా కొంచెం సర్దుకోవాలి. గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలీ 1581లో అచ్చయిన తన గ్రంథంలో, లూట్ అనే పాత తీగ వాద్యం మీద ప్రతి మెట్టునూ మిగిలిన తీగ పొడవులో పద్దెనిమిదో వంతు దగ్గర కట్టమన్నాడు. 650 మిల్లీమీటర్ల తీగకు ఆ లెక్కన మొదటి ఫ్రెట్ 36 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. ఇప్పటి కొలత 36న్నర. ఇంటికి వెళ్లి స్కేలు పెట్టి కొలవండి. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో ఉందో లేదో కూడా చూడండి. పిల్లలకు ఇది లెక్కల పాఠంగా కూడా పనికొస్తుంది.

సమయం అయిందని కార్యదర్శి గారు చీటీ పంపించారు. తల్లిదండ్రులూ, ‘ఎన్ని పాటలు వచ్చాయి?’ అని పిల్లల్ని అడగడం మానండి. వచ్చిన ఒక్క పాటనే ఇంకో శ్రుతిలో వాయించమనండి. నిర్వాహకులకు నా అభ్యర్థన ఒక్కటే. ఇక్కడి థియరీ పరీక్షలో సగం మార్కులు, గిటార్ చేతిలో పట్టుకుని చెప్పే జవాబులకు కేటాయించండి. పరీక్షకుడు ఒక శ్రుతి అంకె చెబుతాడు, విద్యార్థి ఒకటి, ఆరు, నాలుగు, ఐదు అక్కడ వాయిస్తాడు. ఆ కార్డ్‌లో గాంధారం ఏ తీగ మీద ఉందో చూపిస్తాడు. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు చాలు. కార్యవర్గంలో చర్చిస్తామని ఇందాక టీ తాగేటప్పుడు అధ్యక్షులవారు అన్నారు. ఆ చర్చ ఏ తేదీన ఉంటుందో ఈ మైకులోనే చెప్పమని వారిని కోరుతున్నాను. చెప్పేదాకా నేను వేదిక దిగను.