ముందు నేలతో రాజీ పడండి

అందరికీ నమస్కారం. పెద్దలందరి పేర్లూ ఎత్తి దండం పెట్టడం మర్యాదే గానీ, నాకిచ్చింది పది నిమిషాలు. ఏ మెటల్ డిటెక్టర్ కొనాలో చెప్పమన్నారు. చెప్పను. ఉన్నదాన్ని సవరించుకోవడం రాకపోతే ఇంకోటి కొన్నా ఇదే మోత.

మొదట నా తప్పు చెబుతా. మా చెల్లెలి ఉంగరం తోటలో జారిపోయింది. సన్నటిది. నేను డిస్క్రిమినేషన్, అంటే పనికిరాని లోహాల మోతను ఆపే అమరిక, పెంచి, మేకులూ రేకు ముక్కలూ మోగకుండా చేసి మూడు గంటలు తిరిగాను. చప్పుడు లేదు. "ఇక్కడ పడలేదమ్మా" అని తేల్చేశాను కూడా. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఏ లోహానికైనా మోగే ఆల్ మెటల్ మోడ్‌లో అదే దారిన నడిస్తే రెండు వేళ్ల లోతున ఉంది. సన్న బంగారు ఉంగరానికీ అల్యూమినియం రేకుకీ తెర మీద పడే అంకె దాదాపు ఒకటే. రేకు నోరు మూయిస్తే ఉంగరం నోరూ మూతపడుతుంది.

సరే, గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలకు మోగకుండా మెషీన్‌ను సవరించడం. మట్టిలో ఇనుప ఖనిజం ఉంటే మట్టే జవాబు చెబుతుంది. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను, అదే కర్ర చివరి చక్రాన్ని, మోకాలి ఎత్తు నుంచి నేలకు అంగుళం దాకా, పంపు కొట్టినట్టు ఆడించండి. దించేటప్పుడు మోత పెరిగినా తగ్గినా ఇంకా కుదరలేదన్నమాట. తేడా వినపడనంత వరకు సవరించండి. మట్టి రంగు మారితే మళ్లీ చేయండి. ఉప్పునీటి తడి ఇసుకది వేరే గొడవ, అది కరెంటును పారనిస్తుంది. బీచ్ మోడ్ పెట్టింది అందుకే. నేలకు తగ్గట్టు తనే సర్దుకునే ఆటో ట్రాకింగ్ ఉందిగా అంటారా? ఒకే చోట పదేపదే ఊపితే, పాతిపడి ఉన్న వస్తువునే నేల అనుకుని సర్దుకుపోయే మెషీన్లున్నాయి.

ఒక్క కథ, రెండే నిమిషాలు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ లోహాన్ని పసిగట్టే తన యంత్రం పట్టుకుని వచ్చాడు. పరుపు కింద ఉక్కు స్ప్రింగులు! అవీ మోగాయి. పైగా పెద్ద డాక్టరు కుడివైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక చూస్తే తూటా ఎడమవైపు ఉంది. యంత్రం మంచిదే. దాని కింద ఏముందో ముందు ఎవరూ చూడలేదు, వెతకాల్సిన చోటు వెతకనివ్వలేదు. నా మూడు గంటలూ అంతే కదండీ!

గడియారం చూపిస్తున్నారు, చూశాను. పల్స్ ఇండక్షన్ అనే ఇంకో రకం డిటెక్టర్ గురించి చెప్దామనుకున్నాను. ఖనిజం ఎక్కువున్న నేల మీద అది గట్టిది, కానీ ఇనుమేదో బంగారమేదో చెప్పడంలో వెనకబడుతుంది. అంతటితో వదిలేస్తా.

సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న సంకేతానికి మోగాలో చెప్పే అమరిక, అది మాత్రం వదలను. ఇందాక గుమ్మంలో చూశాను, సగం మంది ఫుల్‌లో పెట్టుకొచ్చారు. ఎందుకండీ? చిటపటలు ఆగేదాకా తగ్గించండి. లోతు కాస్త పోతుంది, పోనివ్వండి. ఆ రొదలో లోతున ఉన్నది ఎలాగూ వినపడదు.

బయట పొద్దున్నే రెండు మేకులు, ఒక రేకు ముక్క, ఒక ఉంగరం పాతిపెట్టి వచ్చాను. ఉంగరం మా చెల్లెలిదే, అడిగి తెచ్చాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రండి. డిస్క్రిమినేషన్ సున్నా చేసినవాళ్లు ముందు.