మూడు లీటర్ల ప్లాస్మా, అయిదు లీటర్ల మూత్రం

అందరికీ నమస్కారం.

గుండె జబ్బుతో కాళ్ళకు నీరు పట్టినవాళ్ళను మీలో చాలామంది చూసే ఉంటారు. వాపు మీద వేలితో నొక్కితే గుంట పడి, కాసేపటి దాకా పూడదు. ఆ నీరు తియ్యడానికి 1920 నుంచి దాదాపు 40 ఏళ్ళ పాటు డాక్టర్ల చేతిలో ఉన్న గట్టి మందు పాదరసం ఇంజెక్షన్.

ఇది దొరకడమే తమాషాగా దొరికింది. 1919లో వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ వోగ్ల్ అనే వైద్య విద్యార్థి, సిఫిలిస్ ఉన్న ఒక అమ్మాయికి నోవాసురోల్ అనే పాదరసం మందు ఇచ్చాడు. మూత్రం కోసం కాదు, సిఫిలిస్ కోసమే. వార్డు నర్సు మాత్రం రోజూ మూత్రం కొలిచి చార్టు మీద ఎక్కిస్తూ వచ్చింది. ఇంజెక్షన్ పడ్డప్పుడల్లా చార్టులో మూత్రం ఒక్కసారిగా పెరిగింది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చే మనిషి ఆ నర్సే.

మరి మందు ఎక్కడ పనిచేస్తోంది? పాదరసం ముందు ఒంట్లోని నీటిని రక్తంలోకి లాగి రక్తాన్ని పలచన చేస్తుందనీ, ఎక్కువైన నీటిని కిడ్నీ బయటికి తోసేస్తుందనీ కొందరన్నారు. అసలు పని కిడ్నీలోనే అని మిగతావాళ్ళు. 1928లో బెల్జియంలో గోవర్ట్స్ అనే పరిశోధకుడు ఒక కుక్కకు మందిచ్చి, దాని కిడ్నీని మందు తీసుకోని మరో కుక్కకు అమర్చాడు. కొత్త ఒంట్లోనూ ఆ కిడ్నీ మూత్రం ధారగా పోస్తూనే ఉంది. అంటే మందు ప్రభావం కిడ్నీతో పాటే వచ్చేసింది.

ఇప్పుడు చిన్న లెక్క. మనిషిలో రక్తం సుమారు 5 లీటర్లు, అందులో ప్లాస్మా, అంటే రక్తకణాలు కాక మిగిలిన ద్రవం, 3 లీటర్లు. బాగా నీరు పట్టిన రోగికి ఇంజెక్షన్ తరవాత ఒక్క రోజులో నాలుగైదు లీటర్ల మూత్రం పోయేది. ఉన్న ప్లాస్మా కంటే ఎక్కువ! అయినా మనిషి బతికే ఉన్నాడు. ఎలా?

పాదరసం కిడ్నీ గొట్టాల్లోని ప్రొటీన్ల గంధకపు భాగాలకు అతుక్కుని, కిడ్నీ వడకట్టిన ఉప్పు తిరిగి రక్తంలోకి పోకుండా ఆపుతుంది. పోయే ఉప్పు వెంట నీరూ పోతుంది. రక్తంలో నీరు కాస్త తగ్గగానే అందులోని ప్రొటీన్లు చిక్కబడతాయి. అవి చుట్టుపక్కల కణజాలంలోని నీటిని లోపలికి లాగుతాయి. ఇటు కిడ్నీ తోడుతుంటే అటు వాపు నీరు ఊరుతుంటుంది, మన చెలమలాగే. తోడే వేగం ఊట కంటే ఎక్కువైతే మాత్రం రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. వాపే లేనివాళ్ళకు ఊరడానికి నీరెక్కడిది?

ఇంకో చిక్కు ఉంది. ఈ మందుతో సోడియం కంటే క్లోరైడ్ ఎక్కువ పోతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది, అప్పుడు మందు పనిచెయ్యడం మానేస్తుంది. అందుకని రక్తాన్ని ఆమ్లం వైపు తిప్పే అమ్మోనియం క్లోరైడ్ ముందుగా మింగించేవారు. నరానికి ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా చనిపోయినవాళ్ళూ ఉన్నారు, కాబట్టి కండకే ఇచ్చేవారు.

1958లో మూత్రం పోయించే క్లోరోథయజైడ్ మాత్ర రావడంతో పాదరసానికి రోజులు చెల్లాయి. 1960ల్లో ఫ్యూరోసెమైడ్ వచ్చింది. మన ఇళ్ళలో లాసిక్స్ అంటామే, అదే. కిడ్నీ గొట్టంలో హెన్లీ మెలిక అనే వంపు ఉంటుంది; పాదరసం ఉప్పును అడ్డుకున్న ఆ మెలికలోనే అదీ అడ్డుకుంటుంది. పొద్దున్నే మాత్ర వేసుకున్న మామ్మగారు పదకొండింటి దాకా ఇల్లు కదలనంటే, కారణం ఆ మెలికే.